నల్లటి అంచు

ఇంటి మగ్గం మీద నేసిన చీర కట్టుకుని సురేఖ తోడికోడలు నందిత ఫొటోకు నిలబడింది. ఆ ఫొటోలోంచి ఆమెను కత్తిరించి వేలూరు కోట బొమ్మ మీద అతికించే కంప్యూటర్ కోడు రాసింది మాత్రం సురేఖ. గుడియాత్తంలో చుట్టాలందరూ నందిత అందాన్నే పొగిడారు. కోడును ఎవరు చూస్తారు?

అతికించాక నందిత చుట్టూ సన్నగా నల్లటి గీత వచ్చింది. తప్పెక్కడో సురేఖకు వెంటనే తెలిసింది. అంచుల్లో సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్ల రంగును ఆల్ఫాతో, అంటే అవి ఎంత పారదర్శకమో చెప్పే అంకెతో, ఒక్కసారే గుణించాలి. కోడు రెండుసార్లు గుణిస్తోంది, అందుకే అంచు నల్లబడింది. ఒక్క లైను తీసేస్తే పోతుంది.

సురేఖ తీయలేదు. "చూడనీ అందరూ, మహారాణి మొహం!" అనుకుంటూ బొమ్మను అలాగే తమ ఇంటి చీరలు అమ్మే సైటులో పెట్టేసింది.

మరునాడు నందిత ఫోను పట్టుకుని పరుగున వచ్చింది.

"అక్కా, నా చుట్టూ ఈ నల్లగీత నువ్వు పెట్టిందేనా?"

"అవును. అయితే ఏమిప్పుడు?"

నందిత ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"దిష్టి తగలకుండా కాటిక గీసినావు గదా! నా మీద ఇంత ప్రేమ ఇంకెవురికి ఉండాదక్కా? ఎవురి కండ్లు పడతాయని అంత బయపడినావు?"

సురేఖ కళ్ళు దించుకుంది.