రెండంగుళాల గడప

“గడప రెండంగుళాలు లేపమని ఎన్నిసార్లు మొత్తుకున్నానండీ?” అన్నాడు చెకింగాయన, చీలమండలు మునిగే నీళ్ళలో నిలబడి.

మెట్ల మీద తడవని చోట నిలబడ్డ ఓనరు నీళ్ళు నమిలాడు.

“ఇల్లంతా నీళ్ళే. మళ్ళీ మీరు నమలడమెందుకు? సూటిగా చెప్పండి.”

“వానలు తగ్గాక చూద్దాం బాబూ. అందాకా మీరిద్దరూ పైకి వచ్చెయ్యండి. గది ఖాళీగానే ఉంది.”

“బాబూ గీబూ వద్దని ముందే చెప్పాను.”

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. అందుకే వీధి వీధంతా చెకింగాయన అంటుంది. టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేస్తాడు. ఆ చూపు బస్సు దిగినా ఆయన్ని వదలదు. కూరలో ఉప్పు తక్కువైతే ఎవరో కావాలనే తగ్గించారనుకునే రకం.

కింది వాటాలో దిగిన రోజే షరతు పెట్టాడు. “నేను అద్దెకున్నవాణ్ణి, మీరు ఓనరు. మధ్యలో వరసలు కలపొద్దు.” ఓనరు తలూపాడు గానీ ఆయన పద్ధతే ఏదో తేడాగా ఉంటుంది. ఒకటో తారీకున అద్దె ఇవ్వబోతే చేతులు వెనక్కి కట్టుకుంటాడు. బల్ల మీద పెట్టి రావలసిందే. అద్దె వద్దనే ఓనరు లోకంలో ఎక్కడైనా ఉంటాడా? ఎప్పుడో ఒకరోజు ‘వీళ్ళు అద్దె కట్టలేదు’ అని వీధిలోకి నెట్టడానికే ఈ ఎత్తు అని చెకింగాయన అనుమానం.

ఈ పొద్దున కాలువ పొంగి నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు కూడా అంతే. ఓనరు పరుగున దిగొచ్చాడు. బియ్యం డబ్బా ముట్టుకోలేదు, పరుపు ముట్టుకోలేదు. నెలలు నిండుతున్న చెకింగాయన భార్యను మెల్లగా నడిపించుకుని పైకి తీసుకుపోయాడు. ముందు మనిషిని ఎక్కిస్తే సామాను దానంతటదే వెనకాల ఎక్కుతుందని కాబోలు.

నీళ్ళు తీశాక ఆమె దిగివచ్చింది. గోడ మీద చెయ్యి పెట్టి చూసుకుని, తడి అరచెయ్యి చీరకు తుడుచుకుంది.

“పైకెళితే ఏమవుతుందండీ?”

“ఏమవుతుందా? ఇది మన వాటా, ఇక్కడ మనకో హక్కుంది. పై గది ఆయన ఇంట్లో భాగం. అక్కడ ఆయన పెట్టింది తినాలి, పొమ్మంటే పోవాలి.”

“పొమ్మనరు.”

“నీకెలా తెలుసు?”

ఆమె బకెట్ అందుకోబోయింది. ఆయన లాక్కుని తనే బురద ఎత్తిపోశాడు. ఈ చెమ్మ గోడల మధ్య పసిబిడ్డను పడుకోబెట్టాలంటే ఆయనకూ భయంగానే ఉంది. గది బాగుచేయించుకోవాలి, లేదా ఇంకో ఇల్లు చూసుకోవాలి. ఆయన లెక్కలో మూడో దారి లేదు.

మర్నాడు డ్యూటీలో తాపీమేస్త్రీ కనబడ్డాడు. అతని దగ్గర టికెట్ ఉంది. అయినా చెకింగాయన వదల్లేదు.

“గడప పనికి వస్తానని రాలేదేం మేస్త్రీ?”

“నేను రాకపోవడమేంటి సార్? ఇసుక కూడా మాట్లాడి పెట్టుకున్నా. మీ ఓనరుగారే వద్దన్నారు.”

“వద్దన్నారా?”

మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. “మీతో అనొద్దన్నారు సార్. కిందివాళ్ళను ఎలాగోలా ఈ వానల్లోనే పైకి తెచ్చేస్తాను, ఇంక గడపెందుకు అన్నారు. పై గదికి మాత్రం రంగులేయించుకున్నారు.”

అనుమానం పెనుభూతం అంటారు. చెకింగాయన భూతానికి ఇప్పుడు సాక్షి కూడా దొరికాడు. డ్యూటీ దిగి, డిపో వెనక ఒక గది మాట్లాడుకుని, తాళంచెవి జేబులో వేసుకుని, సామాను బండితో సహా ఇంటికి వచ్చాడు.

ఓనరు మెట్ల మీదే ఉన్నాడు.

“మేస్త్రీని ఆపింది మీరేనా?”

ఈసారి ఓనరు నీళ్ళు నమల్లేదు. “నేనే.”

“గడప లేస్తే మేం కిందే ఉండిపోతామని కదూ?”

“అవును.”

పట్టుబడ్డవాడు ఇంత సులువుగా ఒప్పుకోవడం చెకింగాయన తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. విసురుగా లోపలికెళ్ళి రేకుపెట్టె ఈడ్చుకొచ్చాడు.

“విన్నావుగా? పద. డిపో వెనక గది చూశాను. చిన్నదే గానీ పొడిగా ఉంది.”

స్టూలు మీద కూర్చున్న భార్య కదల్లేదు. “నేను రాను.”

“అయితే నువ్వు ఆయన వైపా?”

“మీ వైపే. కాబట్టే ఇన్నాళ్ళూ ఈ చెమ్మలో నోరెత్తకుండా కాపురం చేశాను. బిడ్డను మాత్రం ఇక్కడ పడుకోబెట్టను. డిపో వెనక గదిలో ఒంటరిగా కూర్చోనూ లేను. మీరు పొద్దున్నే బస్సెక్కి పోతే, నొప్పులొస్తే నేనెవర్ని పిలవాలి?”

చెకింగాయన పెట్టె పిడి వదిలేశాడు. జేబులో తాళంచెవి తడుముకున్నాడు గానీ బయటికి తీయలేదు. ఆ గదికి పక్కన మనిషి మసిలే ఇల్లే లేదు, చూసొచ్చినవాడికి తెలియనిదా?

“పైకెళితే జనం ఏమంటారే?” అన్నాడు, గొంతు తగ్గించి.

“అననివ్వండి. పురుడు పోసేది జనం కాదుగా.”

బండివాడు బయటినుంచి కేకేశాడు. ఓనరు రెండు మెట్లు దిగి, సామాను మీద చెయ్యి వెయ్యొచ్చో లేదో తెలియక అక్కడే ఆగిపోయాడు. ఆమె తన నడుం పట్టుకుని లేచి, ఓనరు వైపు తిరిగింది.

“నీ అల్లుడి పెట్టె కూడా పైకి పట్టుకెళ్ళు నాన్నా.”