రోడ్డు మధ్య కుర్చీ

ఎవరి చూపుకు మరుగు లేదో, ఎవరి కరుణకు తుది లేదో, ఆ దయామయునికి మొదట మొక్కి ఈ కథ చెబుతున్నాను.

అరబ్బు దేశంలోని ఇర్బిద్ పట్టణంలో, వ్యాన్ల అడ్డా పక్క సందులో, ఒక మధ్యాహ్నం వ్యాను అద్దం పగిలింది.

డ్రైవరు దిగి ఎదుటి వ్యాను డ్రైవరు చొక్కా పట్టుకున్నాడు.

గొడవకు మూలం ఆ పక్కనే ఉంది. పంక్చర్ల దుకాణం ముందు, తారు మీదికి చొచ్చుకొచ్చిన ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో తెల్లని తలగుడ్డ కట్టిన ముసలాయన.

ఎదుటి అరుగు మీద నిలబడి చూస్తున్న ఇద్దరు విద్యార్థులు, రహఫ్, ఉసైద్, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెతుకుతున్నది దొరికింది.

వారిద్దరూ విశ్వవిద్యాలయంలో పోలీసు శాస్త్రం చదువుతున్నారు. వారి మాస్టారు ముందిర్ ట్రాఫిక్ పోలీసుగా పనిచేసి విరమించినవాడు. ఒకే చోట రోజూ జరిగే గొడవ నేరం కాదు, జబ్బు అని ఆయన బోధ. చూడు, కారణం వెతుకు, సరిచెయ్యి, మళ్ళీ వెళ్ళి చూడు. నాలుగే మెట్లు.

పట్టుకున్నవాళ్ళనే మళ్ళీ మళ్ళీ పట్టుకుని అలసిపోయిన ఆ మనిషికి ఇంకా నమ్మకం మిగిలినది ఈ పాఠం మీదే. ఈ ఏడు ఫలితం కనిపించకపోతే ఆ తరగతి ఎత్తివేస్తామని పైవారు చెప్పేశారు.

విద్యార్థులు ఆ సందును రోజూ చూశారు.

రోజూ ఒకే తంతు. దుకాణదారు అబూ షాదీ తల వంచుకుని చిన్న కప్పులో కాఫీ తెస్తాడు. ముసలాయన కుడిచేత అందుకుని, అందరికీ కనిపించేలా ఎత్తి, నింపాదిగా తాగి, చాలునన్నట్టు కప్పు ఊపి తిరిగి ఇస్తాడు. అంతవరకు వ్యాన్లు ఆగవలసిందే.

ఒక డ్రైవరు తల బయటపెట్టి, "హాజీ, అది కాఫీయా, ఎర్ర సముద్రమా? ఎప్పటికి తాగుతావు?" అన్నాడు.

"ఓపిక పట్టు నాయనా. సముద్రం చీలగానే ముందు నిన్నే పోనిస్తాను."

రహఫ్ వెళ్ళి, కుర్చీ దుకాణం లోపల వేసుకుంటే నీడగా ఉంటుందని బతిమాలింది.

"లోపల కూర్చుంటే ఎవరికి కనపడతానమ్మా?" అని నవ్వాడాయన.

ముసలితనపు చాపల్యం అనుకున్నారు ఇద్దరూ. అబూ షాదీని అడిగితే నేల చూపులు చూస్తూ, ఆయన తన అతిథి అని మాత్రం చెప్పాడు.

తరగతిలో ముందిర్ విన్నాడు.

"ఆయన అక్కడే ఎందుకు కూర్చుంటున్నాడో అడిగారా?"

"అతిథి అన్నాక ఎలా అడుగుతాం సార్?" అన్నాడు ఉసైద్. "ఎందుకొచ్చావని అతిథిని అడిగానంటే మా అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు."

తరగతి నవ్వింది.

మరొక రోజైతే, దాటవేయకూడని మెట్టు అదేనని ముందిర్ చెప్పేవాడే. ఆ రోజు అలసట ఎక్కువైంది. పైగా ఆయననూ అలాంటి తల్లే పెంచింది.

"సరే, కానివ్వండి," అన్నాడు.

విద్యార్థుల అర్జీ మీద పురపాలక సంఘం వాళ్ళు వచ్చి దుకాణం అంచున ఇనుప స్తంభాలు పాతారు. కుర్చీకి చోటు పోయింది. ముసలాయన వాదించలేదు. కుర్చీ తానే ఎత్తుకున్నాడు.

"మీ చదువుకు నేను అడ్డమైతే లేస్తాను తల్లీ. ఈ దుకాణం మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి."

తప్పకుండా అన్నారు ఇద్దరూ.

వ్యాన్లు నీళ్ళలా సాగిపోయాయి. పైవారు వచ్చి చూసి మెచ్చుకున్నారు. తరగతి నిలిచింది.

పరీక్షలు వచ్చిపడ్డాయి. నాలుగో మెట్టు వాయిదా పడింది.

పరీక్షలయ్యాక ముగ్గురూ కలిసి వెళ్ళారు.

దుకాణం షట్టరు సొట్టలు పడి ఉంది. నేలంతా గాజుపెంకులు. ముందొక లారీ, దాని నిండా పరుపులు, పొయ్యి, ఒక ఉయ్యాల. అబూ షాదీ సామాను మీదుగా తాడు బిగిస్తున్నాడు. ఆ తాడు రెండో కొసను పట్టుకున్నది ముసలాయన.

ఇది ఎవరి పని అని పక్క రొట్టెల దుకాణం ఆవిడను ముందిర్ అడిగాడు.

ముసలాయన తమ్ముడి కొడుకులదేనని ఆవిడ చెప్పింది. పెదనాన్న ఇక్కడ కాఫీ తాగడం మానేశాడని విని, ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడనుకున్నారట. ఆయన పరుగెత్తుకొచ్చేసరికి రాళ్ళు పడిపోయాయి. ఇక పసిపిల్లలతో ఈ ఊళ్ళో ఉండలేనని అబూ షాదీ వెళ్ళిపోతున్నాడు.

"కుర్చీ తీయించినప్పుడు ఒక్కరైనా చెప్పలేదేం?"

"తమరు పోలీసు చదువు చెప్పేవారు. తెలిసే చేయించారనుకున్నాం."

రహఫ్ అప్పటికే ముసలాయన ముందు నిలబడి ఉంది.

"ఒక్క మాట చెప్పి ఉంటే కుర్చీ ముట్టుకునేవాళ్ళమా, పెద్దాయనా?"

"చెప్పుకు తిరిగితే అతను తలెత్తుకుని దుకాణం నడపగలడా తల్లీ?"

లారీ కదిలింది. అది మలుపు తిరిగేదాకా ముసలాయన చేయి ఎత్తే ఉంచాడు.

ఆయన ఇచ్చిన మాట ఏమిటని ముందిర్ నెమ్మదిగా అడిగాడు.

"పగ వద్దు, ఊరు విడిచి పోనక్కరలేదు అని. అందరూ చూస్తుండగా ఆయన అతని చేతి కాఫీ తాగితే ఆ మాట నిలిచి ఉన్నట్టు," అంది ఆవిడ, రొట్టెల మీద గుడ్డ కప్పుతూ.

అబూ షాదీ కొడుకు కత్తికి నిరుడు అదే సందులో నేలకొరిగినవాడు, ఆ ముసలాయన ఒక్కగానొక్క కొడుకు.

ఈ కథ విన్న ప్రతివారి ముంగిటా, పగవాడు సైతం కూర్చుని కప్పు ఖాళీ చేసి వెళ్ళేంత శాంతిని ఆ దయామయుడు అనుగ్రహించుగాక.