నలభై ఏడో నంబరు

గేట్‌మన్ పచ్చయ్యప్ప స్టేషన్ మాస్టరు గొంతును కాదు, నంబరునే నమ్మేవాడు. ఇద్దరి దగ్గరా ఒకే రహస్య నంబర్ల పట్టీ ఉండేది. ఒకసారి చెప్పిన నంబరును కొట్టేసేవాళ్లు.

రాత్రి గేటు ఫోను మోగింది. మాస్టరు గొంతు. “మెయిలు తిరుత్తణిలో నిలిచిపోయింది పచ్చయ్యప్పా. గేటు తెరువు. నంబరు నలభై ఏడు.”

పట్టీలో తరువాతది అదే. కొట్టేసి గేటెత్తినాడు. చెరకుబండ్లు పట్టాలెక్కినాయి.

ఫోను మళ్లీ మోగింది. అదే గొంతు. “మెయిలు వస్తా ఉండాది. గేటు తెరవబాక. నంబరు నలభై ఏడు.”

“ఇందాక తెరవమంటిరే సార్?”

“ఈ రాత్రి నేను ఫోను చేసేది ఇదే మొదలు.”

బండ్లను ఆపమని అరవబోయినాడు. పట్టాలు సన్నగా అదురుతా ఉండాయి. రిసీవరులో మాస్టరు పిలుస్తానే ఉండాడు. పట్టాల అవతల చీకట్లో, అదే గొంతు బండ్లోళ్లతో అంటా ఉండాది.

“రండి, నిదానంగా రండి.”