సీటు కింది పెట్టె

కరెంటు ఆటోల్లో రాగితీగ పీక్కుపోయేవాడొకడు ఊళ్ళమీద తిరుగుతున్నాడని పక్కింటి పోశమ్మ చెప్పిందట. ఆమెకు నిర్ణా ఊళ్ళో ఉన్న చెల్లెలు చెప్పిందట. భుజాన సంచి, జేబులో టెస్టర్, నోట్లో తియ్యటి మాటలు. అవీ వాడి గుర్తులట.

ఆ గుర్తులన్నీ ఉన్న మనిషి శనివారం పొద్దున చిమ్కోడ్‌లో ఆటో నడిపే సంగమేష్ వాకిట్లోకే వచ్చాడు.

"ఆటో నిలవడ్డదని బస్సుల విన్న. ఒకసారి చూడాల్నా?"

"రాగి ఎత్తుకపోయేటోడివి నువ్వేనా?" అన్నాడు సంగమేష్.

"రాగి తినేటోని లెక్క కనవడుతున్ననా తమ్మీ? నా పేరు జయానందం. జొన్నరొట్టె పెడితే తింట."

సంగమేష్ భార్య భాగ్యజ్యోతికి నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

ఆయుధపూజకని ప్రెషరు పైపుతో సీటు కింద దాకా కడిగింది అతనే. మోటారుకు కరెంటు అందించే కంట్రోలరు పెట్టెలోకి నీళ్ళు పోయాయి. పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచి తాళం తిప్పితే బండి కదల్లేదు.

కొత్త పెట్టెకు మూడు వారాలన్నారు బీదర్ షాపువాళ్ళు. దసరా సెలవులు అయిపోయి సోమవారమే బడి తెరుస్తారు. ఆ రోజు పిల్లల్ని తీసుకురాకుంటే బేరం ఇంకొకరికి ఇస్తామని హెడ్మాస్టర్ తేల్చేశాడు. ఇల్లు నడిచేది ఆ బేరం మీదే.

"చూడు. నా కండ్ల ముంగటనే చూడు," అన్నాడు సంగమేష్, స్టూలు వేసుకుని కూర్చుంటూ.

జయానందం బ్యాటరీ వైరు విప్పాడు. పెట్టె మాత్రం వెంటనే ముట్టుకోలేదు. దాని కొనలకు ఒక బల్బు తాకించాడు. బల్బు వెలిగి, మెల్లగా ఆరింది.

"బ్యాటరీ తీసినా దీని కడుపుల కరెంటు ఉంటది. అది ఖాళీ అయినంకనే చెయ్యి పెట్టాలె."

మూత తెరిచి కాసేపు లోపలికే చూశాడు. తర్వాత సంగమేష్ మొహం చూశాడు.

"శాన ఖరాబైందా?"

"లేదు. ఒక్క ముక్క మాడింది."

లోపలి సర్క్యూట్ పలకను స్పిరిట్‌తో, మెత్తటి బ్రష్షుతో తుడిచి ఎండలో పెట్టాడు. సంచిలోని పాత పలక నుంచి గోరంత ముక్క ఊడదీసి దీనికి అతికించాడు. మూత చుట్టూ గమ్ము పూశాడు. అది ఆరేదాకా రొట్టె, పుంటికూర తిన్నాడు.

ఆటో కదిలింది.

"ఇగ బండికి తానం పోయకు తమ్మీ. తడిబట్టతోని మొకం తుడిస్తె చాలు."

ఏమివ్వాలో తోచక సంగమేష్ లోపలికి పోయి వచ్చేలోగా ఆయన బస్సెక్కేశాడు.

సోమవారం పిల్లలు బడికి చేరారు. మొగుడూ పెళ్ళాం అదే ఆటోలో బీదర్ షాపుకు పోయారు, కొత్త పెట్టె వద్దని చెప్పడానికి. భాగ్యజ్యోతి చేతిలో కొత్త అంగీబట్ట ఉంది.

"జయానందం అన్న ఇల్లు ఎరికేనా సేటూ? ఆయన రాకుంటే మేము రోడ్డు మీద వడుతుంటిమి," అంది.

"ఎరిక లేకేం? పోయినేటి దాంక మా కాడనే, లోపట షెడ్డుల పనిచేసిండు," అన్నాడు యజమాని గురునాథ్.

"అసుంటి మనిషిని ఎట్ల పోనిచ్చిండ్రు?" సంగమేష్ కసిరినట్టే అడిగాడు.

గురునాథ్ కళ్ళజోడు తీశాడు.

"పోయినేడు నీ ఆటో వస్తే, కొత్తది దండగని పాత పెట్టెనే బాగుచేసి పెట్టిండు. పాతది అంటగట్టిండ్రని ఆటో కంపెనీకి కాయిదం రాసింది నువ్వే. దాని మీదనే తీసేసినం."