అమ్మ కనబడే పెట్టె

షట్టర్ సగం దిగాక లఖ్దర్ దాని కింద నుంచి దూరి కొట్లోకి వచ్చాడు.

"రిసీవర్ కావాలన్నా. ఇప్పుడే కావాలి."

బాత్నా ఊరి బజార్లో డిష్‌లూ రిసీవర్లూ అమ్మే బూజెమా షట్టర్ కొక్కెం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నమాజుకి పిలుపైంది, వినలేదా? నమాజు చేసుకుని, నాలుగు ముద్దలు తిని వస్తా. నువ్వూ తిని రా. మ్యాచ్ ఎక్కడికీ పారిపోదు."

"మ్యాచ్ కాదన్నా. మక్కా ఛానల్. అక్కడి గడియారం మనకంటే ముందు కదా, కాసేపట్లో పొద్దువాలే వేళ చేసే అసర్ నమాజు. మా అమ్మ అక్కడుంది. చూడాలి."

బూజెమా మొహం విప్పారింది. షట్టర్ మళ్ళీ పైకి లేచింది. హజ్ యాత్ర రోజులు. వీధికొక్కరైనా వెళ్ళారు. ఏ ఇంట చూసినా టీవీ ముందు చేరి, ఆ తెల్లటి జనంలో వేలు పెట్టి మా అత్త, మా తాత అని చూపించుకోవడమే. చూపించేది సగంసార్లు పరాయివాళ్ళ తాతని.

"అన్ని లక్షల మందిలో మీ అమ్మని పోల్చుకుంటావా? మనం సంతలో పెళ్ళాన్నే పోల్చుకోలేం!"

"పోల్చుకుంటాను. ఏ వరసలో, ఎన్నో చోట ఉంటుందో తాయెబ్ ఫోన్‌లో చెప్పాడు. అమ్మకి తోడెళ్ళిన మా తమ్ముడు."

"అయితే కెమెరా రాగానే చెయ్యి ఊపమని చెప్పు."

లఖ్దర్ అరల వైపు తిరిగాడు. "పెట్టెలు చూపించన్నా," అన్నాడు.

బూజెమా తళతళలాడే నల్లపెట్టె దించాడు. ముందు నీలిరంగు దీపాలు, పక్కన రెండు యాంటెనాలు. "ప్రపంచంలోని ఛానళ్ళన్నీ వస్తాయి. నెట్ తగిలిస్తే చాలు."

"పక్కింటివాళ్ళు అలాంటిదే తెచ్చిచ్చారు. పరీక్షల రోజులు కదా, పిల్లలు కాపీ కొడతారని ఊరంతటికీ నెట్ కోసేశారు. దాంట్లో ఏమీ రావట్లేదు."

"మీ పెట్టె ఏమైంది?"

"పొద్దున కరెంటు ఎగిరిపడి మాడిపోయింది. ఈ రోజే మాడాలా అన్నా? ఇన్నేళ్ళు పనిచేసి, ఈ రోజే!"

లఖ్దర్ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. బూజెమా వింతగా చూశాడు. అమ్మ మీద బెంగ ఉండొచ్చు గానీ, మీసాలున్న మగవాడికి ఇంత బెంగా?

"పోనీ, రేపు మంచి సరుకు వస్తుంది. రేపు చూసుకో."

"రేపటికి అమ్మ అక్కడ ఉండదు."

మదీనాకి బయల్దేరుతున్నారు కాబోలు అనుకున్నాడు బూజెమా. నల్లపెట్టెని వెనక్కి నెట్టేశాడు. "నిజం చెప్పనా? ఇది పైన పటారం, లోన లొటారం. చేత్తో పట్టుకుని చూడు, అప్పడంలా లేదూ? ఇదిగో, దీన్ని పట్టుకో."

రేకు డబ్బాలాంటి బూడిదరంగు పెట్టె. బరువుగా ఉంది.

"అందం అడక్కు. లోపల కరెంటు భాగం గట్టిది, ఎగిరినా పడినా తట్టుకుంటుంది. ట్యూనర్ మంచిది."

"ఎడారిగాలికి మా డిష్ కాస్త తిరిగింది. సిగ్నల్ అంతంతమాత్రం."

"అందుకే ఇది. గుసగుస చాలు, పట్టేస్తుంది."

"మాది పాత టీవీ."

"మూడురంగుల తీగకి వెనకాల కన్నాలున్నాయి."

"రికార్డు అవుతుందా? పెద్దచెల్లెలు వహ్రాన్ నుంచి బస్సులో వస్తోంది. పాపం, ఈలోపు అందుకోలేదు."

"పెన్‌డ్రైవ్ గుచ్చు. చాలు."

రిమోట్‌లో బ్యాటరీలు లేవు. బూజెమా కొట్టంతా వెతికాడు. లఖ్దర్ గుమ్మం వైపు చూస్తూ కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. చివరికి బూజెమా గోడ గడియారం దించి, అందులోవి పీకి ఇచ్చాడు. లఖ్దర్ జేబులో ఉన్నదంతా బల్ల మీద పోసి పెట్టె చంకన పెట్టుకున్నాడు.

"ఒరేయ్, సగం మిగిలింది, తీసుకో! బేరమాడని గిరాకీని నిన్నే చూస్తున్నా. మీ అమ్మ రాగానే నాకో గుక్క మక్కా జమ్‌జమ్ నీళ్ళు పంపు!"

"తాయెబ్ తెస్తాడులే అన్నా," అంటూ పరుగెత్తాడు.

ఇంటినిండా ఆడవాళ్ళు. పొరుగువాళ్ళు పంపిన కుస్కుస్ పళ్ళేలు మూత తీయకుండానే ఉన్నాయి. అక్క ఔనీసా టీవీకి ఆనుకుని కూర్చుంది.

"దొరికిందా?"

లఖ్దర్ మూడు తీగలు గుచ్చాడు. తెర మీద నీలం. సిగ్నల్ లేదు. మళ్ళీ వెతికించాడు. లేదు. మేడ మీదికి పరుగెత్తి, డిష్‌ని రెండు చేతులా పట్టుకుని రవ్వంత తిప్పాడు.

"వచ్చిందా?"

"లేదురా!"

"ఇప్పుడు?"

"ఇంకా! ఇంకొంచెం! వచ్చింది, వచ్చింది, కదపకు!"

మూడేసి మెట్లు దూకుతూ దిగాడు. బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చి నిలబడింది. నల్లటి కాబా. చుట్టూ మనుషులు. అందరూ కుడివైపు తల తిప్పారు, ఎడమవైపు తిప్పారు. నమాజు ముగిసింది.

ఔనీసా గుండె బాదుకుంది. "అయిపోయిందిరా! అమ్మని చూడనే లేదు!"

"అవలేదక్కా. ఎవరైనా లేచారా చూడు. ఉండు."

తెర మీద ఎవరూ కదల్లేదు.

మైకులో మళ్ళీ పిలుపు వినిపించింది, ఈసారి పోయినవాళ్ళ కోసం చేసే నమాజుకి. కెమెరా ముందు వరసకి దిగగానే లఖ్దర్ టీవీ దగ్గరికి వంగి, కుడి నుంచి రెండో పాడె మీద వేలు పెట్టి, "అదుగో, అమ్మ," అన్నాడు.