గొంతు బిళ్ల

క్యాన్సర్ బాగా ముదిరాక బయటపడటంతో, ఆపరేషన్ చేసి ఆదిశేషు స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడందరికీ పెడుతున్నట్టే ఆయనకీ మెడ మీద ఒక బిళ్ల అంటించారు. ఆయన పెదవులు కదిపితే అది పాత గొంతుతో మాట్లాడుతుంది.

రోజూ పొద్దున్నే భార్య వకుళ దాన్ని తీసి, తడిగుడ్డతో తుడిచి, కిటికీలో ఆరబెడుతుంది.

ఇవాళ తుడుస్తూ అడిగింది. "ముప్పై ఏళ్లు 'ఏమే' అనే పిలిచారు. ఆపరేషన్ అయ్యాక 'వకుళా, వకుళా' అంటున్నారు. ఏమిటండీ ఈ ముద్దు?"

ఆదిశేషు నవ్వలేదు. ఇంట్లో పెన్ను, కాగితం లేక ఏళ్లయింది. బియ్యప్పిండి డబ్బా తెచ్చి, బల్ల మీద పిండి పరిచి, వేలితో రాశాడు.

"అది నేను కాదే. ఆ మాట చెప్పాలని రోజూ పెదవులు కదుపుతున్నా. అది పలకట్లేదు."

వకుళ రెండుసార్లు చదివింది.

"వకుళా," అంది కిటికీలోంచి ఆ గొంతు, ఎంతో ప్రేమగా. "నేను ఆరిపోయాను. వచ్చి పెట్టెయ్."

"వస్తున్నానండీ," అనేసింది వకుళ, అలవాటుగా.

ఆదిశేషు రెండు చేతులతో మెడ కప్పుకున్నాడు.