గెలిచిన కామెంటు

యుద్ధం ఎలా చెయ్యాలో జనమే కామెంట్లలో చెప్పే రోజులవి. ఎక్కువ లైకులొచ్చిన సలహానే ఆ పూట సైన్యానికి ఆజ్ఞ. పొద్దున ఒక వాయి ఇడ్లీ ఉడికేలోగా పరాంకుశం, "ఇంకా చూస్తారేంటి, నది దాటెయ్యండి" అని రాసిపారేశాడు. మధ్యాహ్నానికి అదే గెలిచింది. వీధంతా మెచ్చుకుంటుంటే మీసం దువ్వుకుంటూ స్వీట్లు పంచాడు.

సాయంత్రం ఎదురింటి దేవకి వచ్చింది. ఆమె భర్త ఆ నది ఒడ్డున ఉన్న దళంలోనే జవాను.

"అన్నయ్యగారూ, ఆయన ఫోన్ చేశారు. చీకటి పడగానే నదిలో దిగాలట. ఆయనకి ఈత రాదు. లోతెంతని అడిగితే, కామెంటు రాసినవాళ్ళకే తెలియాలని అక్కడి ఆఫీసర్లు అంటున్నారట. అది రాసింది మన పరాంకుశం అన్నయ్యే, అన్నీ తెలుసుకునే రాసుంటారని ధైర్యం చెప్పాను. లోతెంతుంటుందండీ?"

పరాంకుశానికి ఆ నది పేరు కూడా తెలియదు. ఆ మాట చెబుదామనే నోరు తెరిచాడు. చేతిలో ఇంకా స్వీట్ల డబ్బా ఉంది. చెప్పడానికి సిగ్గేసింది.

"మోకాల్లోతేనమ్మా," అన్నాడు.

దేవకి దండం పెట్టి, గుమ్మం దాటకముందే ఫోను చెవిన పెట్టుకుంది.

"మోకాల్లోతేనటండీ. ధైర్యంగా దిగండి."

పరాంకుశం తల దించుకుని స్వీట్ల డబ్బాకి మూత పెట్టాడు.